షుగర్ ఎంతుందని అడిగాక

ఊళ్లోనైనా బస్తీలోనైనా ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషి పేరునా ఆశా కార్యకర్త ఒక ఫారం నింపాలి. దాన్ని సీబాక్ ఫారం అంటారు. పొగ తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అని మొదలవుతుంది. ఆ ఫారం చివరి భాగంలో రెండు ప్రశ్నలున్నాయి. గడిచిన రెండు వారాల్లో చేసే పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా పోయాయా? దిగులుగా, ఇక ఏ ఆశా లేదన్నట్టుగా అనిపించిందా? ఎన్ని రోజులు అలా అనిపించిందో బట్టి మార్కులు వేయాలి. మార్కులు హద్దు దాటితే ఆ మనిషిని గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఉండే ఎమ్మెల్‌హెచ్‌పీ దగ్గరికో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు దగ్గరికో పంపాలి.

కాబట్టి షుగర్ వెతికే కాగితంలోనే మనసు సంగతి కూడా అడగాలని మన ప్రభుత్వ వైద్యం ఎప్పుడో ఒప్పుకుంది. సమస్య ఆ తర్వాతే మొదలవుతుంది. జవాబు వచ్చాక ఏం చేయాలో ఆశా కార్యకర్తకు తెలియదు. పంపిన చోట వినే తీరిక ఎవరికీ లేదు. పేదల్లో షుగర్‌తో బతుకుతున్న పెద్దవాళ్లకు మనోధైర్యం ఎవరివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న విషయం మీద ముప్పై ఏళ్లుగా ప్రపంచంలో చాలా పని జరిగింది. అందులో కొంత మన విశాఖపట్నంలో, పశ్చిమ గోదావరిలో జరిగింది. ఆ పనిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు, మనకు అందులో దేనితో అవసరం అన్నది ఇక్కడ చూద్దాం.

ముందు ఎంతమంది సంగతో చూడాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. పట్టణాల్లోని పెద్దవాళ్లలో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. ఇది కలిగినవాళ్ల జబ్బు అన్న మాట మనలో ఇంకా వినిపిస్తుంది గానీ, అదే సర్వే బృందం 2017లోనే మరో సంగతి చెప్పింది. ఆర్థికంగా ముందున్న రాష్ట్రాల పట్టణాల్లో డబ్బున్నవాళ్లకంటే పేదల్లోనే షుగర్ ఎక్కువగా ఉంది. డబ్బున్నవాళ్లు తిండి మార్చుకున్నారు, నడక మొదలుపెట్టారు. జబ్బు కిందికి దిగింది. దాన్ని మోయడానికి కావలసిన సదుపాయాలు మాత్రం దాని వెంట దిగలేదు.

షుగర్‌కూ దుఃఖానికీ సంబంధం ఉందన్న ఊహ పాతదే. 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీర్ఘకాలపు శోకం నుంచి ఈ జబ్బు పుడుతుందని రాశాడు. ఆయన చెప్పిన కారణం పూర్తిగా సరైంది కాకపోయినా, రెండూ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయన్న పరిశీలన నిలబడింది. 2001లో 42 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, షుగర్ లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఉండే అవకాశం రెండింతలని తేలింది. డిప్రెషన్ ఉన్నవాళ్లకు తర్వాత షుగర్ వచ్చే అవకాశమూ ఎక్కువే. రెండూ కలిసి ఉన్నవాళ్లు, షుగర్ ఒక్కటే ఉన్నవాళ్లకంటే తొందరగా చనిపోయే ప్రమాదం సుమారు ఒకటిన్నర రెట్లు.

అయితే అందరి బాధా డిప్రెషన్ కాదు. ఈ తేడాను మొదట పట్టుకున్నది 1995లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, జాస్లిన్ డయాబెటిస్ సెంటర్‌లో పనిచేసిన విలియం పొలొన్‌స్కీ, ఆయన సహచరులు. రోజూ మాత్రలు, తిండి, పరీక్షలు, రాబోయే రోజుల భయం మోసి మోసి మనిషి అలసిపోతాడు. ఆ అలసటకు వాళ్లు డయాబెటిస్ డిస్ట్రెస్ అని పేరుపెట్టి, కొలవడానికి 20 ప్రశ్నలు తయారుచేశారు. మనం దాన్ని షుగర్ వేదన అందాం. డిప్రెషన్‌లో బతుకంతా చీకటిగా కనిపిస్తుంది. షుగర్ వేదనలో మనిషి పెళ్లిళ్లకు వెళతాడు, నవ్వుతాడు, పనిచేస్తాడు. మందుల డబ్బా చూడగానే మాత్రం ఒళ్లు బరువెక్కుతుంది. 2017లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో 36 శాతం మందికి ఈ వేదన గట్టిగానే ఉంది. డిప్రెషన్ ప్రశ్నల్లో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలో చాలామందికి నిజానికి ఉన్నది ఇదేనని శాన్‌ఫ్రాన్సిస్కోలో లారెన్స్ ఫిషర్ బృందం చాలా ఏళ్లుగా చూపిస్తూ వచ్చింది. ఇది తెలియకపోతే రెండు తప్పులు జరుగుతాయి. మాటతో తీరే బాధకు మాత్ర రాస్తారు. లేదా మాత్ర కావలసిన డిప్రెషన్‌ను షుగర్ వల్ల వచ్చిన నీరసమని వదిలేస్తారు. నిద్ర పట్టకపోవడం, ఆకలి మారడం, ఒళ్లు సహకరించకపోవడం రెండింటిలోనూ ఉంటాయి కనుక, పది నిమిషాలు కూర్చుని వింటే తప్ప ఏది ఏదో తేలదు.

2005లో వచ్చిన 17 ప్రశ్నల కొలత ఈ వేదనను నాలుగు వైపుల నుంచి చూస్తుంది. జబ్బు మోసే బరువు, మందూ తిండీ నియమాలు, వైద్యుడి తీరు, చుట్టూ ఉన్న మనుషులు. ప్రశ్నలు అమెరికా నుంచి వచ్చినా ఈ నాలుగూ మన పల్లెలకూ బస్తీలకూ చక్కగా సరిపోతాయి. ఒక్కొక్క దాని లోపలి సంగతులే వేరు.

నియమాల సంగతే తీసుకోండి. ఆసుపత్రిలో ఇచ్చే డైట్ చీటీలో ఓట్స్, ఆపిల్, ఉడికించిన కూరగాయలు, రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తినడం ఉంటాయి. ఇంట్లో ఉన్నది రేషన్ బియ్యం, చారు, పచ్చడి. ఉపాధి హామీ పనికో, మిర్చి కోతకో పోయే మనిషి పొద్దున ఇంత చద్దన్నం తిని వెళితే మళ్లీ మధ్యాహ్నం దాకా ముద్ద ఉండదు. అలాంటి మనిషికి గ్లిమిపిరైడ్ మాత్ర ఇస్తే, భోజనం ఆలస్యమైన రోజున చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్ముతాయి. చేను మధ్యలో ఒక్కసారి అలా పడిపోయినవాళ్లు మర్నాటి నుంచి పనికి వెళ్లే రోజుల్లో మాత్ర మానేస్తారు. డాక్టరుకు చెప్పరు. వచ్చే నెల అంకె పెరిగితే అది నిర్లక్ష్యం కింద జమవుతుంది. అది నిర్లక్ష్యం కాదు, భయం. లో షుగర్ భయం గురించి వైద్య పత్రికల్లో ఎంతో రాశారు గానీ, కూలీ పోతుందన్న భయం కూడా దానికి తోడైన మనిషి గురించి రాసింది తక్కువ.

ఇన్సులిన్ సంగతి ఇంకా బరువు. సూది దాకా వచ్చిందంటే ఇక ఆఖరి దశే అన్న నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో సీసా దాచుకుంటారు. అది మంచి పద్ధతే, పనిచేస్తుంది కూడా. కానీ ఎండాకాలం మధ్యాహ్నం ఆ కుండను చూసుకుంటూ ఉండడమే ఒక దిగులు. పక్కింటివాళ్ల ఎదుట సూది వేసుకోలేక చాటుకు పోవడం మరో దిగులు.

వైద్యుడి తీరు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులు చూసే ఎన్‌సీడీ రోజున పీహెచ్‌సీ ముందు వరుస ఎంత పొడవుంటుందో తెలిసినవాళ్లకు డాక్టరు మీద కోపం రాదు. మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకవు. ఆ రెండు నిమిషాల్లో ఎక్కువగా వినిపించేది తిట్టే. “ఎన్నిసార్లు చెప్పినా అంతేనా? కాలు తీసేస్తే గానీ దారికి రావా?” భయపెడితే వింటారన్నది మన వైద్యంలో పాతుకుపోయిన నమ్మకం. వింటారు నిజమే, రెండు రోజులు. ఆ తర్వాత పరీక్షకు ముందు రోజు ఉపవాసం ఉండి అంకె తగ్గించుకుని వస్తారు. లేదంటే రావడమే మానేస్తారు.

వాళ్లకు చెప్పని నిజం ఒకటుంది. బ్రిటన్‌లో 20 ఏళ్ల పాటు నడిచి 1998లో ఫలితాలు వెలువరించిన యూకేపీడీఎస్ అనే పెద్ద పరిశోధన, టైప్-2 షుగర్ కాలంతో పాటు ముదురుతుందని చూపించింది. మనిషి బుద్ధిగా మందు వేసుకున్నా క్లోమంలో ఇన్సులిన్ చేసే శక్తి ఏటేటా తగ్గుతుంది, మందు పెంచాల్సి వస్తుంది. ఆ పెరుగుదలలో రోగి తప్పు ఏమీ ఉండకపోవచ్చు. “అమ్మా, నీ వల్ల జరిగింది కాదిది, జబ్బు గుణమే అంత, మందు మారుద్దాం” అని చెప్పడానికి పట్టేది పది క్షణాలు. నా మట్టుకు ఈ ఒక్క మాట ఖర్చు లేని వైద్యం. దేశంలోని ప్రతి షుగర్ క్లినిక్‌లోనూ రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇక ఇంటి మనుషులు. ఆడవాళ్లకు షుగర్ వస్తే, అందరికీ వండి ఆఖర్న మిగిలింది తినే అలవాటులో వేళకు తిండి అన్నది మొదటి రోజే తప్పుతుంది. తనకోసం వేరే కూర వండుకోవడం ఇంట్లో తప్పుగా చూస్తారు. “గుండ్రాయిలా ఉన్నావు, నీకేం రోగం” అనేవాళ్లు ఒకరు, సంక్రాంతికి అరిసె చేతిలోకి తీసుకోగానే నలుగురిలో “నీకు వద్దు కదా” అని లాక్కునేవాళ్లు ఇంకొకరు. రెండూ నొప్పించేవే. మగవాళ్లలో షుగర్ వల్ల వచ్చే లైంగిక సమస్యలు కాపురాల్లో ఎంత మౌనాన్ని నింపుతాయో ఏ సర్వే పూర్తిగా కొలవలేదు, ఎందుకంటే ఆ మాట అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. చిన్నప్పటి నుంచి టైప్-1 షుగర్ ఉన్న అమ్మాయిలకు పెళ్లి మాట వచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఆ సంగతి దాచిపెట్టే ప్రయత్నంలో పడతారు. అత్తింట్లో దొంగచాటుగా ఇన్సులిన్ వేసుకునే బతుకు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ పాతబస్తీలో రంజాన్ నెల మరో రకం పరీక్ష. ఉపవాసం వద్దంటారేమోనని డాక్టరుకు చెప్పకుండానే రోజా ఉండేవాళ్లున్నారు. రంజాన్‌కు ముందే కూర్చుని, ఎవరికి ఎంత ప్రమాదమో చూసి, మందు వేళలు మార్చి చెప్పాలని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నమ్మకాన్ని గౌరవిస్తూ మాట్లాడడం కూడా మనోధైర్యం ఇవ్వడమే. గల్ఫ్‌కు పోవాలనుకునే కరీంనగర్, నిజామాబాద్ కూలీలకు వైద్య పరీక్షలో తప్పుతామేమోనన్న బెదురు, ఏజెన్సీ గూడేల్లో మందు కోసం నడిచే దూరం, వలస బతుకుల్లో ఏ ఊరి పీహెచ్‌సీలో పేరు రాయించుకోవాలో తెలియని అయోమయం, ఇవన్నీ వేటికవే విడిగా రాయదగినవి.

ఇంత బాధకు దొరుకుతున్న సాయం ఎంత? నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి చికిత్స అందలేదు. లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడని, 0.75 మాత్రమేనని ఒక అంచనా. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైనా, దాని డాక్టరు కూర్చునేది జిల్లా ఆసుపత్రిలో. షుగర్ మాత్రల కోసమే ఒక రోజు కూలి వదులుకునే మనిషి ఇంకో రోజు కూలి వదులుకుని దిగులు చెప్పుకోవడానికి జిల్లా కేంద్రానికి వెళ్లడు. 2022లో దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో 18.4 శాతానికి కారణం అనారోగ్యమని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. కుటుంబ సమస్యల తర్వాత రెండో స్థానం దానిదే. ఆ అనారోగ్యాల్లో షుగర్ వాటా ఎంతో విడిగా చెప్పకపోయినా, ఏళ్ల తరబడి జబ్బుతో ఒంటరిగా ఉండడం ఎక్కడిదాకా తీసుకెళుతుందో ఆ అంకె చెబుతోంది.

చేసిచూసిన పనుల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది మన దేశంలోనిదే. చెన్నై, ఢిల్లీ, బెంగళూరు, విశాఖపట్నాల్లోని నాలుగు డయాబెటిస్ క్లినిక్‌లలో ‘ఇండిపెండెంట్’ అనే పరిశోధన జరిగింది. విశాఖలో ఎండోక్రైన్ అండ్ డయాబెటిస్ సెంటర్ ఇందులో భాగం. షుగర్ అదుపులో లేక, డిప్రెషన్ కూడా ఉన్న 404 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే. రెండో జట్టులో ప్రతి మనిషికీ డాక్టరు కాని ఒక సహాయకుడు తోడు. ఆ సహాయకుడు మనిషితో మాట్లాడతాడు, ఏది కష్టంగా ఉందో వింటాడు, మందులూ అంకెలూ కంప్యూటర్‌లో గమనిస్తాడు. మానసిక వైద్యుడూ షుగర్ డాక్టరూ అప్పుడప్పుడు కూర్చుని ఆ వివరాలు చూసి, చికిత్స చేస్తున్న డాక్టరుకు సలహా పంపుతారు. ప్రతి రోగీ మానసిక వైద్యుడి గుమ్మం ఎక్కాల్సిన పని లేదు. 12 నెలలు ఇలా నడిపి ఆపేశారు. మొత్తం 24 నెలల తర్వాత చూస్తే, డిప్రెషన్ సగానికి సగం తగ్గడంతో పాటు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటి మెరుగుపడినవాళ్లు తోడు దొరికిన జట్టులో 71.6 శాతం, మామూలు జట్టులో 57.4 శాతం. 2020లో ‘జామా’ పత్రికలో వచ్చింది ఇది. తోడు ఆపేసి ఏడాదైనా తేడా నిలిచింది.

ఈ ఫలితాన్ని మెచ్చుకుంటూనే దాని హద్దులూ చెప్పాలి. అవి నగరాల్లోని పేరున్న క్లినిక్‌లు. అక్కడి దాకా రాగలిగినవాళ్లే లెక్కలోకి వచ్చారు. మందు దొరకని చోట, డాక్టరు నెలకొకసారి వచ్చే చోట ఇదే పద్ధతి ఇంతే పనిచేస్తుందని దీన్నిబట్టి చెప్పలేం. దీనికి దారిచూపిన అమెరికా వాషింగ్టన్ రాష్ట్రపు ‘టీమ్‌కేర్’ ప్రయోగం కూడా, 214 మందితో 2010లో ఫలితాలిచ్చింది, మంచి వసతులున్న చోటే జరిగింది.

పేదల మధ్యే చేసిన ప్రయత్నాలు ఇంకో పాఠం చెబుతాయి. లాస్ ఏంజిలిస్‌లో ప్రభుత్వ క్లినిక్‌లకు వచ్చే 387 మంది తక్కువ ఆదాయం వాళ్లకు, ఎక్కువమంది లాటినోలు, సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి పరిష్కరించుకునే మాట సాయమో, డిప్రెషన్ మందులో, రెండూనో ఇచ్చారు. క్లినిక్ పనుల్లో దారి చూపే మనిషిని కూడా ఇచ్చారు. 2010లో ఫలితం వచ్చింది. మనసు తేలికపడింది. మూడు నెలల సగటు షుగర్ మాత్రం మారలేదు. ఇలాంటి ఫలితాలు చూసి, షుగర్ తగ్గనప్పుడు ఇదంతా ఎందుకనే అధికారులుంటారు. నేను ఒప్పుకోను. మనిషి రాత్రి నిద్రపోగలగడం, రేపటి మీద ఆశ పెట్టుకోగలగడం వాటికవే వైద్యం సాధించిన ఫలితాలు. అంకె కూడా మారాలంటే ఇండిపెండెంట్‌లో లాగా మనసునూ మందునూ ఒకే చేతి మీద చూడాలి. రెండు వేరువేరు గదుల్లో పెడితే రెండూ సగమే అవుతాయి.

మరి వినే మనిషి ఎవరు? దీనికి జవాబులు ఎక్కువగా షుగర్ పరిధి బయటి నుంచే వచ్చాయి. గోవాలో సంగత్ సంస్థ, పీహెచ్‌సీలకు వచ్చే తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు, వైద్య చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. మానేసిన చిన్న చిన్న పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించడమే అందులోని కీలకం. 2017లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాలు మంచివే. జింబాబ్వే రాజధాని హరారేలో 2006లో మొదలైన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’లో క్లినిక్ ఆవరణలోని చెక్క బెంచీ మీద అవ్వలే కూర్చుని వింటారు. వాళ్ల పని ఫలితాన్ని కూడా 2016లో శాస్త్రీయంగా పరీక్షించి నిలబెట్టారు.

మన దగ్గర పశ్చిమ గోదావరి జిల్లాలో, గిరిజన గ్రామాలతో కలిపి, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ నడిపింది. ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన, చావు తలపుల గురించి అడిగారు. హద్దు దాటినవాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌లోకి వెళ్లాయి. డాక్టరు చెప్పింది మళ్లీ ఆశాకు వచ్చింది, ఆమె ఇంటికి వెళ్లి చూసుకుంది. ఊళ్లో ఈ జబ్బుల మీద సిగ్గు పోగొట్టే ప్రచారం కూడా జరిగింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో పాటు హర్యానాలో పెద్ద ఎత్తున పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. సీబాక్ ఫారంలోని రెండు ప్రశ్నలకు లోటుగా ఉన్నది సరిగ్గా ఇదే. అడిగిన తర్వాత కాగితం ముందుకు కదలడం, తిరిగి ఇంటికి రావడం.

షుగర్ ఉన్నవాళ్లే ఒకరికొకరు తోడు కావడం గురించి చాలా ఆశగా మాట్లాడతారు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 60 పోలింగ్ ప్రాంతాల్లో 1,007 మందితో, తోటివాళ్లే నాయకులుగా బృందాలు నడిపారు. అయితే వాళ్లు షుగర్ ఉన్నవాళ్లు కాదు, అది వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లు. జబ్బు రాకుండా ఆపిందని గట్టిగా చెప్పే ఫలితం రాలేదు గానీ కొన్ని అలవాట్లు మెరుగుపడ్డాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పని అనగానే అందరి చూపూ డ్వాక్రా సంఘాల మీద పడుతుంది. ప్రతి ఊళ్లో ఉన్నాయి, నెలనెలా కూర్చుంటాయి, నిజమే. నాకు మాత్రం అక్కడ ఒక జంకు ఉంది. వాయిదా కట్టాల్సిన చోట, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు మోయాల్సిన చోట, “నాకు బతకాలని లేదు” అన్న మాట ఏ తల్లి నోటి నుంచి వస్తుంది? 2010లో సూక్ష్మ రుణాల సంక్షోభంలో గుంపు ఒత్తిడి మనుషుల్ని ఎంత నలిపిందో ఆంధ్రప్రదేశ్ చూసింది. సంఘం మహిళలు పరిచయం చేయవచ్చు, ఆసుపత్రికి తోడు రావచ్చు. మనసు విప్పే చోటు మాత్రం అప్పు పుస్తకం లేని చోట ఉండాలి.

మనం దగ్గరగా చూడాల్సిన నమూనా ఇంకోటి ఉంది, ఎందుకో షుగర్ గురించి రాసేవాళ్లు దాన్ని తలవరు. 2004 ఏప్రిల్‌లో దేశంలో హెచ్ఐవీకి ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలయ్యాయి. అప్పట్లో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏఆర్‌టీ కేంద్రంలో మందు ఇచ్చే మనిషితో పాటు కౌన్సెలర్ కుర్చీ కూడా మొదటి నుంచీ ఉంది. మందు ఎందుకు మానావని నిలదీయడం కాకుండా, మానడానికి ఏం అడ్డొచ్చిందని అడగడం ఆ కుర్చీ పని. జబ్బు ఉన్నవాళ్ల సంఘాలు కూడా ఆ వైద్యంలో పాలుపంచుకున్నాయి. జీవితాంతం మందు వేసుకోవాల్సిన మనిషికి మాట తోడు లేకుండా కుదరదని మన ఆసుపత్రులు అప్పుడే నేర్చుకున్నాయి. షుగర్‌కు కూడా మందు జీవితాంతమే కదా.

షుగర్ కార్యక్రమంలో ఆ కుర్చీ లేదా అంటే, ఉంది. 2010లో ఎన్‌పీసీడీసీఎస్‌గా మొదలై 2023లో ఎన్‌పీ-ఎన్‌సీడీగా పేరు మారిన జాతీయ కార్యక్రమంలో, సామాజిక ఆరోగ్య కేంద్రపు ఎన్‌సీడీ క్లినిక్‌కు కౌన్సెలర్ పోస్టు ఉంది. చాలాచోట్ల ఆ పని అన్నం తగ్గించు, నడువు, పొగ మాను అని చెప్పడం దగ్గరే ఆగిపోతుంది. పై నుంచి వచ్చే లక్ష్యాలు కూడా అలాగే ఉంటాయి. 2025 నాటికి 7 కోట్ల 50 లక్షల మంది బీపీ, షుగర్ రోగులకు ప్రామాణిక వైద్యం అందించాలని కేంద్రం 2023లో పెట్టుకున్న లక్ష్యంలోనూ, 2030 కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన లక్ష్యాల్లోనూ రోగ నిర్ధారణ, అదుపులో ఉన్న షుగర్, బీపీ, మందులు ఉన్నాయి. మనసు లేదు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2024 నుంచి 2026 వరకు షుగర్ దినోత్సవానికి క్షేమంగా బతకడాన్నే అంశంగా తీసుకుంది. అంశం బ్యానర్ మీద ఉంటే చాలదు, నెలవారీ రిపోర్టులో ఒక గడి కావాలి. లెక్క అడగని పనిని కింది ఉద్యోగి చేయడు, అది అతని తప్పు కూడా కాదు.

ఈ పనంతా ఆశాల నెత్తిన పెట్టడానికి కూడా నేను ఒప్పుకోను. గర్భిణుల నుంచి క్షయ దాకా అన్ని రిజిస్టర్లూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లూ ఉన్నారు, దిగులున్నవాళ్లూ ఉన్నారు. అడగడం వాళ్లు చేయగలరు. రంది, మనాది, బెంగ అని ఊరి మాటల్లో వాళ్లే బాగా అడగగలరు. వినడం, తర్వాత నాలుగైదు సార్లు కూర్చుని మాట్లాడడం మాత్రం గ్రామ ఆరోగ్య కేంద్రంలోని ఎమ్మెల్‌హెచ్‌పీకి, పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా సిబ్బందికి, ఎన్‌సీడీ కౌన్సెలర్‌కు అప్పగించాలి. అందుకు వేళ కేటాయించాలి, తలుపున్న గది ఇవ్వాలి. జిల్లా మానసిక ఆరోగ్య బృందం నెలకొకసారి వాళ్ల కేసులు విని సలహా చెప్పాలి. ఇండిపెండెంట్ ప్రయోగంలో నడిచిన పద్ధతి ఇలాంటిదే. ఊళ్లో మొదట అందరూ వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే కాబట్టి, ప్రమాదపు గుర్తులు తెలిసి పంపే పాటి అవగాహన అతనికీ కల్పించాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. మందు నెలనెలా, ఖాళీ లేకుండా, నడిచి వెళ్లగల దూరంలో దొరకాలి. మాత్రలు అయిపోయాయి, వచ్చే వారం రా అన్న మాట విని వెనక్కి నడిచే మనిషికి ఎంత మంచి కౌన్సెలింగ్ అయినా వెక్కిరింతలాగే వినిపిస్తుంది. పేదల షుగర్ వేదనలో పెద్ద భాగం కడుపు, కూలి, మందు చుట్టూనే ఉంది. ఆ భాగాన్ని మాటలతో తీర్చాలని చూడడం అన్యాయం. మాట తోడు మందుకు బదులుగా కాక, మందుతో కలిపి ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలకు ఒక విన్నపం. సీబాక్ ఫారంలో హద్దు దాటిన ప్రతి మనిషి విషయంలో తర్వాత ఏం జరిగిందో మండలాల వారీగా ఏడాదికొకసారి బయటపెట్టండి. ఎందరిని పంపారు, ఎందరు చేరారు, ఎందరితో రెండోసారి మాట్లాడారు. ఈ మూడు అంకెలు చాలు.

చదివేవాళ్ల ఇంట్లోనో పక్కింట్లోనో షుగర్ ఉన్న మనిషి తప్పకుండా ఉంటారు. ఈసారి షుగర్ ఎంతుందని అడిగాక, ఎలా ఉన్నారని కూడా అడగండి. జవాబు బరువుగా ఉంటే, చావు మాట వినిపిస్తే, వాళ్లను ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ నంబర్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.